ఫ్యాను ఎవరు వేస్తారు? ఓ ఇత్తడి స్విచ్చి చరిత్ర

మనవాళ్ళు పాత కార్ల గురించి రాస్తే రెండే రకాలు. ఒకటి, చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం గారి 1912 నాటి పసుపు పచ్చ రోల్స్ రాయిస్, దాని వైభవం. రెండోది, "ఆ రోజుల్లో మా అంబాసిడర్‌లో పదకొండు మందిమి ఎక్కి తిరుపతి వెళ్ళాం" రకం. రెండూ చదవడానికి బానే ఉంటాయి. కానీ ఆ అంబాసిడర్ ఘాట్ రోడ్డులో ఎన్నిసార్లు ఆగింది, బోనెట్ ఎత్తి ఎంతసేపు నిలబడ్డారు, రేడియేటర్ మూత మీద తడిగుడ్డ ఎవరు వేశారు అన్నది మాత్రం ఎవరూ రాయరు. నాకేమో ఆ తడిగుడ్డ దగ్గరే ఆసక్తి.

ఈ టపా ఓ స్విచ్చి గురించి. బొటనవేలంత ఉంటుంది, ఇత్తడిది, చివర మరలు. రేడియేటర్‌కో ఇంజన్‌కో ఓ పక్కన బిగించి, కారు కొన్నవాడు జీవితంలో చూడని చోట ఉంటుంది. నీళ్ళు ఓ హద్దు దాటి వేడెక్కితే ఫ్యాను వేస్తుంది, చల్లబడితే ఆపుతుంది. అంతే దాని ఉద్యోగం. ఇది మొరాయిస్తే ఏమవుతుందంటే, ఔటర్ రింగ్ రోడ్డు మీద గుర్రంలా పరిగెత్తిన కారు, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు సిగ్నల్ దగ్గర పది నిమిషాలు నిలబడేసరికి ఆవిరి చిమ్ముతుంది. అప్పటికీ డ్రైవరు ముల్లు చూసుకోకపోతే ఇంజన్ హెడ్ వంగుతుంది, గ్యాస్కెట్ పోతుంది. పాత కారు అయితే చాలామంది అక్కడితో దానికి దణ్ణం పెట్టి తుక్కు కింద ఇచ్చేస్తారు. బొటనవేలంత ముక్క కోసం మొత్తం కారు పోతుందన్నమాట.

అసలు ముందు ఈ స్విచ్చి లేని రోజులు చూద్దాం.

పెట్రోలు కాలిస్తే వచ్చే శక్తిలో చక్రాల దాకా చేరేది తక్కువే. సుమారు మూడో వంతు సైలెన్సర్ లోంచి పోతుంది, ఇంకో మూడో వంతు ఇంజన్ గోడల్లోకి, అక్కణ్ణుంచి నీళ్ళలోకి. ఆ నీళ్ళని చల్లబరచకపోతే పని జరగదు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి దీనికి చాలా సోమరి పద్ధతి వాడింది. పంపు లేదు. వేడి నీళ్ళు తేలిక కాబట్టి వాటంతటవే పైకెక్కి రేడియేటర్‌లోకి వెళ్తాయి, చల్లబడి బరువెక్కి కిందనుంచి ఇంజన్‌లోకి వస్తాయి. మన ఇళ్ళ మీద సోలార్ వాటర్ హీటర్లు నేటికీ చేసేది ఇదే. తర్వాత పంపు వచ్చింది, థర్మోస్టాట్ వాల్వ్ వచ్చింది. (సెర్జియస్ వెర్నే అనే ఆయన 1930లలో మైనపు గుళికతో దీన్ని తయారుచేశాడు. మైనం కరిగి ఉబ్బితే వాల్వ్ తెరుచుకుంటుంది. ఈ వాల్వ్‌నీ మన స్విచ్చినీ ఒకటే అనుకునేవాళ్ళు బోలెడుమంది. కాదు. దీని సంగతి కింద మళ్ళీ వస్తుంది.)

ఫ్యాను మాత్రం చాలా దశాబ్దాలు అలానే ఉండిపోయింది. ఇంజన్ షాఫ్టుకి ఓ బెల్టు, ఆ బెల్టు నీళ్ళ పంపుని తిప్పుతుంది, పంపు ముక్కుకే ఫ్యాను రెక్కలు. మన అంబాసిడర్ అంతే. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3ని తెచ్చి హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు 1950ల చివర్లో మొదలుపెట్టి 2014 దాకా చేసిన బండి అది. ఫియట్ 1100, అదే తర్వాత ప్రీమియర్ పద్మిని, అదీ అంతే.

ఈ బెల్టు ఫ్యాను విషయంలో గమనించాల్సింది ఒకటుంది. దానికి వేడి అంటే ఏంటో తెలీదు. ఇంజన్ ఎంత వేగంగా తిరిగితే అదీ దాదాపు అంత వేగంగా తిరుగుతుంది. హైవే మీద ఎనభైలో పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌కి సరిపోతుంది, ఫ్యాను అక్కర్లేదు, కానీ అప్పుడే భీకరంగా తిరిగి ఇంజన్ బలాన్ని తింటుంది. ట్రాఫిక్‌లో ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు ఎదురుగాలి ఉండదు, ఫ్యానే దిక్కు, కానీ అప్పుడే అది నీరసంగా తిరుగుతుంది. అవసరానికి సరిగ్గా ఉల్టా. మన భాషలో చెప్పాలంటే ఫీడ్‌బ్యాక్ లేని సిస్టమ్. అవుట్‌పుట్ ఎలా ఉందో చూసుకోకుండా ఇన్‌పుట్‌ని బట్టి గుడ్డిగా పనిచేసే ప్రోగ్రాము.

ఫీడ్‌బ్యాక్ లేదా అంటే ఉంది, అది డ్రైవరు. ముల్లు చూసుకునేది ఆయన, న్యూట్రల్ చేసి కాస్త యాక్సిలరేటర్ నొక్కి ఫ్యాను వేగం పెంచేది ఆయన, చెట్టు నీడ చూసి ఆపేది, డిక్కీలో నీళ్ళ క్యాను పెట్టుకునేది ఆయన. బెల్టు తెగితే టప్పున చప్పుడొచ్చేది, డైనమో లైటు వెలిగేది, ఆయనకి తెలిసిపోయేది. వేడి గురించిన నిర్ణయాలన్నీ మనిషి చేతిలో ఉన్న రోజులవి. మా నాన్నగారి తరం "మంచి డ్రైవర్" అన్నప్పుడు అందులో సగం అర్థం ఇదే అని నా అనుమానం.

ఈ లెక్కన చూస్తే నాకు చైతన్య రథం గుర్తొస్తుంది. రాజకీయం పక్కన పెట్టండి, నేను ఇంజన్ గురించే మాట్లాడుతున్నా :) 1982 మార్చి 29న ఎన్టీఆర్ గారు పార్టీ పెట్టారు, 1983 జనవరి 9న ముఖ్యమంత్రి అయ్యారు. మధ్యలో తొమ్మిది నెలలు ఓ పాత షెవర్లే వ్యానుని మార్పించుకుని, దాని మీద నిలబడి రాష్ట్రమంతా తిరిగారు. స్టీరింగ్ దగ్గర హరికృష్ణ గారు. అందరూ ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగిందో చెప్తారు. నాకేమో కిలోమీటర్లు కాదు, వేగం ముఖ్యం అనిపిస్తుంది. ఊరు రాగానే జనం, దారి పొడుగునా జనం, బండి నడిచే మనిషి వేగంతో కదలాలి. ఇంజన్ ఐడిల్ కంటే కాస్త ఎక్కువ, ఎదురుగాలి సున్నా, బయట ఆంధ్రా ఎండ. బెల్టు ఫ్యాను కాలపు ఇంజన్‌కి ఇంతకన్నా కఠినమైన పరీక్ష ఎవరూ రాయలేరు. సభకీ సభకీ మధ్య ఖాళీ రోడ్డు ఎంత విలువైనదో ఆ స్టీరింగ్ దగ్గర కూర్చున్నవాళ్ళకే తెలియాలి.

సినిమా వాళ్ళ బళ్ళకీ ఈ వేడికీ ఇంకో లంకె ఉంది, అది నేల. మద్రాసులో ఉన్నంతకాలం కోడంబాకం, టి.నగర్, అంతా చదును. 1950లలో అమీర్‌పేట్‌లో సారథి స్టూడియోస్ వచ్చింది, 1959లో వచ్చిన "మా ఇంటి మహాలక్ష్మి" పూర్తిగా హైదరాబాద్‌లోనే తీశారు. అయినా పరిశ్రమ కదలడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. 1976లో అక్కినేని గారి అన్నపూర్ణ స్టూడియోస్, ఆ తర్వాత ఈ చుట్టుపక్కలే కృష్ణ గారి పద్మాలయా, రామానాయుడు గారి స్టూడియో. ఆ వెనకే ఫిల్మ్ నగర్ ఇళ్ళు, ఫిల్మ్ ఛాంబర్, క్లబ్బు, దైవసన్నిధానం. ఇవన్నీ వచ్చింది రాళ్ళ గుట్టల మీద. పంజగుట్ట వైపు నుంచి చెక్‌పోస్టుకి రండి, చెక్‌పోస్టు నుంచి ఫిల్మ్ నగర్ సందుల్లోకి పోండి, ఎక్కడమూ దిగడమే. కింద గేరులో ఎక్కుడు, పైన సిగ్నల్ దగ్గర ఆగుడు. ఇంజన్ మీద బరువు ఎక్కువ, ఎదురుగాలి తక్కువ. మద్రాసు సముద్రపు గాలికి అలవాటుపడ్డ పద్మినీలు ఇక్కడికొచ్చి ఏమనుకుని ఉంటాయో.

షూటింగులో బండి పరిస్థితి ఇంకా అన్యాయం. తెర మీద కారు రివ్వున వచ్చి ఆగుతుంది. అది తీయడానికి ఆ కారు ఇరవై గజాలు వచ్చి ఆగాలి, వెనక్కి పోవాలి, లైటు సరిచేసేదాకా ఇంజన్ ఆన్‌లో ఉండాలి (పాత బండి, ఆపితే మళ్ళీ స్టార్ట్ అవుతుందో లేదోనని భయం), మళ్ళీ రావాలి. రోజంతా తిరిగితే మీటరు మీద ఒక కిలోమీటరు ఎక్కదు, ఇంజన్ మాత్రం ఐదు గంటలు నడిచి ఉంటుంది. 2018లో "మహానటి" వచ్చాక మనకి పాత కాలం కథలంటే మోజు పెరిగింది. కథ 1980లలో అంటే గుమ్మం ముందు ఓ అంబాసిడరో, పద్మినో, మొదటి తరం మారుతీయో నిలబెట్టాల్సిందే. పాత బళ్ళు అద్దెకిచ్చేవాళ్ళకి ఇదో ఆదాయం. ఆ బళ్ళని చంపేదీ ఇదే.

సరే, స్విచ్చి ఎందుకొచ్చింది? వేడి గురించి ఎవరికో జ్ఞానోదయమై కాదు. ఇంజన్‌ని అడ్డంగా తిప్పడం వల్ల.

1959లో బ్రిటిష్ మినీ ఇంజన్‌ని అడ్డంగా పెట్టింది, చిన్న కారులో చోటు మిగల్చడానికి. ఇంజన్ తిరిగేసరికి దాని ముక్కు, అంటే బెల్టూ ఫ్యానూ ఉండే వైపు, కారు ముందుకి కాకుండా చక్రం వైపుకి తిరిగింది. మినీ వాళ్ళు రేడియేటర్‌ని కూడా పక్కకే తిప్పేసి, బెల్టు ఫ్యానుతోనే సరిపెట్టుకున్నారు. ఎదురుగాలి సూటిగా తగలదు, అయినా చలి దేశం కాబట్టి నడిచిపోయింది. ఇటలీలో ఫియట్ ఇంజనీర్ దాంతే జకోజా ఇంకో దారి పట్టాడు. రేడియేటర్ ముందే ఉండాలి, గాలి నేరుగా తగలాలి. మరి ఫ్యానుని ఎవరు తిప్పాలి? దానికి సొంతంగా ఓ కరెంటు మోటారు ఇచ్చేశాడు. 1964లో ఆటోబియాంకి ప్రిములాలో ముందు ప్రయోగం చేసి, 1969లో ఫియట్ 128లో పెట్టారు. ఆ తర్వాత ప్రపంచంలో చిన్న కార్లన్నీ దాదాపు అదే దారి.

ఫ్యానుకి ఇంజన్‌తో బంధం తెగింది. మరి ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు ఆగాలో ఎవరు చెప్పాలి? డ్రైవరు చేత డ్యాష్‌బోర్డు మీద స్విచ్చి నొక్కించొచ్చు. మర్చిపోతాడు. కాబట్టి నీళ్ళే చెప్పాలి. అదిగో, మన ఇత్తడి స్విచ్చి అక్కడ పుట్టింది ఉద్యోగంలోకి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మన దేశం సంగతి తల్చుకోవాలి. 1969లో ఇదంతా చేసింది ఫియట్. అదే ఫియట్ వాళ్ళ 1100ని మనం లైసెన్సు మీద చేసుకుంటూ, పేరు పద్మిని అని మార్చుకుని, కొత్త శతాబ్దం వచ్చేదాకా బెల్టు ఫ్యానుతోనే లాక్కొచ్చాం. కన్నతల్లి ముప్పై ఏళ్ళ ముందే వదిలేసిన పద్ధతి పెంపుడింట్లో అలాగే ఉండిపోయింది. లైసెన్సు రాజ్యం గురించి లావుపాటి పుస్తకాలు చదవక్కర్లేదు, పద్మిని బోనెట్ ఎత్తి చూస్తే చాలు.

మనకి ఆ ఫ్యాను వీధి వీధికీ వచ్చింది మారుతి 800తో. 1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ మొదటి కారు తాళాలు అందించారు. సుజుకి ఇంజన్, 796 సీసీ, అడ్డంగా కూర్చోబెట్టింది, ముందు రేడియేటర్, దాని వెనక కరెంటు ఫ్యాను. అంటే మన దగ్గర చైతన్య రథం గమ్యం చేరిన ఏడాది, మారుతి బయల్దేరిన ఏడాదీ ఒకటే. జనవరిలో బెల్టు ఫ్యాను కాలపు బండి, డిసెంబర్‌లో స్విచ్చి కాలపు బండి. రెండు యుగాలు ఒకే క్యాలెండర్‌లో పట్టాయి.

ఇప్పుడు స్విచ్చి పొట్ట కోద్దాం, ఎందుకంటే మన జాతికి నచ్చే భాగం ఇక్కడుంది.

రెండు వేరు వేరు లోహపు పట్టీలు అతికించి వేడి చేస్తే, ఒకటి ఎక్కువ సాగుతుంది, ఒకటి తక్కువ సాగుతుంది, పట్టీ వంగుతుంది. 18వ శతాబ్దంలో జాన్ హారిసన్ అనే గడియారాల ఆయన, ఓడల్లో వాడే గడియారం వేడికి టైము తప్పకుండా ఉండేందుకు ఈ బైమెటల్ పట్టీ కనిపెట్టాడు. అయితే పట్టీ మెల్లగా వంగుతుంది. మెల్లగా వంగి మెల్లగా తాకితే కరెంటు స్విచ్చి బతకదు, నిప్పురవ్వలొచ్చి కాలిపోతుంది. దీనికి మందు అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో దొరికింది. జాన్ స్పెన్సర్ అనే కుర్రాడు రాత్రిపూట చెక్క మిల్లు బాయిలర్ దగ్గర కాపలా ఉండేవాడట. బాయిలర్ ఇనుప తలుపు బాగా వేడెక్కినప్పుడు టక్కున ఒకవైపు ఉబ్బడం, చల్లారాక టక్కున వెనక్కి రావడం గమనించాడట. పట్టీకి బదులు కాస్త గిన్నెలా వంచిన బైమెటల్ బిళ్ళ చేస్తే అదీ అలాగే టక్కున తిరగబడుతుంది. మన చిన్నప్పుడు సీసా మూత లోతట్టుని నొక్కి టిక్కు టిక్కుమనిపించేవాళ్ళం చూడండి, అదే. ఆ బిళ్ళ స్విచ్చికి క్లిక్సన్ అని పేరు, క్లిక్కుమని ఆన్ అవుతుంది కాబట్టి.

ఆ టక్కుమనడంలో ఓ వరం దాగుంది. ఒకసారి తిరగబడ్డ బిళ్ళ, అదే వేడి దగ్గర వెనక్కి రాదు. ఇంకాస్త చల్లారాలి. అందుకే చాలా స్విచ్చిల మీద రెండు అంకెలు చెక్కి ఉంటాయి, ఉదాహరణకి 92-87. తొంభై రెండు దాటితే ఆన్, ఎనభై ఏడుకి దిగితే ఆఫ్. ఒకే అంకె అయి ఉంటే? 91.9 దగ్గర ఆఫ్, 92.1 దగ్గర ఆన్, మళ్ళీ ఆఫ్, రిలే టకటకా కొట్టుకుని వారంలో చచ్చేది. ఈ మధ్యలో ఉన్న ఐదు డిగ్రీల జాగాని హిస్టరీసిస్ అంటారు. మనలో ఆటో స్కేలింగ్ పెట్టినవాళ్ళకి ఈ బాధ తెలుసు. సీపీయూ 70 దాటితే సర్వర్ పెంచు, 70 కి దిగితే తీసెయ్ అని రాస్తే రాత్రంతా సర్వర్లు పుడుతూ చస్తూ ఉంటాయి. ఆ పాఠం వందేళ్ళ కిందటే ఓ రేకు బిళ్ళలో ఉంది. రెండు ఇఫ్ కండిషన్లు, ఒక స్టేట్ వేరియబుల్, కంపైల్ చేసి ఇత్తడి డబ్బాలో పెట్టేశారు. అప్‌డేట్లు లేవు, రీబూట్ లేదు.

అన్నట్టు, స్పెన్సర్ కంపెనీ 1931లో ఇంకో కంపెనీతో కలిసి మెటల్స్ అండ్ కంట్రోల్స్ అయింది. 1959లో ఆ కంపెనీని కలిపేసుకున్నది ఎవరో తెలుసా? టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్. ముందు ఏడాదే జాక్ కిల్బీ చేత మొదటి ఐసీ చేయించిన కంపెనీ. 1985లో బెంగళూరులో ఆఫీసు తెరిచి, శాటిలైట్ లింకు పెట్టుకుని, మన దేశంలో ఈ మొత్తం ఐటీ బాగోతానికి నాంది పలికిన కంపెనీ. 2006లో ఆ సెన్సర్ల వ్యాపారం అమ్మేసేదాకా, చిప్పులతో పాటు ఈ క్లిక్కు బిళ్ళలూ వాళ్ళ ఖాతాలోనే ఉండేవి. మన జీతాలకీ ఆ బాయిలర్ తలుపుకీ చుట్టరికం ఉందంటే నవ్వుతారు గానీ, ఉంది. (కార్ల స్విచ్చిలన్నీ క్లిక్సన్‌వి అని కాదు. చాలామంది చేశారు. కొన్నిటిలో బిళ్ళకి బదులు మైనం ఉంటుంది.)

ఇక అది మొరాయించినప్పుడు.

ఓ మిత్రుడి నాన్నగారి దగ్గర 1980ల నాటి మారుతి ఉంది. అప్పుడప్పుడు షూటింగులకి అద్దెకిస్తారు. రెండు టేకులకే ముల్లు ఎర్ర గీత ఎక్కుతోందని కృష్ణానగర్ వైపు ఓ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే నేనూ వెంట వెళ్ళాను. ఆయన బోనెట్ ఎత్తి, ఇంజన్ ఓ ఐదు నిమిషాలు నడిపి, పై గొట్టం మీద ఓసారి, కింద గొట్టం మీద ఓసారి అరచెయ్యి ఆనించి, "ఫ్యాన్ స్విచ్ పోయింది సార్. డైరెక్ట్ కొట్టేస్తా, మళ్ళ మీకు టెన్షనే ఉండది" అన్నాడు. నిదానం సరైనదే. మందు దగ్గరే నాకు పేచీ.

ముందు నిదానం ఎందుకు సరైనదో చెప్తా. ఫ్యాను తిరగట్లేదంటే దొంగలు నలుగురైదుగురు ఉండొచ్చు: ఫ్యూజు, రిలే, మోటారు, వైరు, స్విచ్చి. స్విచ్చి కనెక్టర్ పీకి, తాళం ఆన్ చేసి, ఆ రెండు వైర్లని చిన్న తీగముక్కతో కలపాలి. ఒకే వైరు ఉండే రకమైతే ఆ వైరుని ఇంజన్ బాడీకి తాకించాలి, ఎందుకంటే దాని రెండో వైరు బాడీయే. (చేతులు ఫ్యానుకి దూరంగా, ప్లీజ్.) ఫ్యాను తిరిగిందా, మిగతా వాళ్ళంతా నిర్దోషులు, అనుమానం స్విచ్చి మీదే. తిరగలేదా, స్విచ్చిని తిట్టకండి, ఫ్యూజు నుంచి మొదలెట్టండి. డీబగ్గింగ్‌లో సగానికి సగం కోసుకుంటూ వెళ్ళడం అంటామే, అదే.

అయితే అనుమానం వేరు, నేరం రుజువవడం వేరు. స్విచ్చి రేడియేటర్‌లో ఉండే బళ్ళలో ఓ తమాషా జరుగుతుంది. థర్మోస్టాట్ వాల్వ్ మూసుకునే ఉండిపోతే ఇంజన్‌లో నీళ్ళు మరిగిపోతుంటాయి, ఆ వేడి రేడియేటర్ దాకా రాదు. అక్కడ కూర్చున్న స్విచ్చికి అంతా ప్రశాంతంగా కనపడుతుంది, ఫ్యాను వెయ్యదు. తప్పు దానిది కాదు, దానికి కబురే అందలేదు. మన మెకానిక్ రెండు గొట్టాలూ తడిమి చూసింది అందుకే. రెండూ కాలుతుంటే నీళ్ళు తిరుగుతున్నట్టు, ఒకటి కాలుతూ ఒకటి చల్లగా ఉంటే వాల్వ్ దగ్గర చూడమన్నట్టు. లోపల గాలి బుడగ ఇరుక్కుని స్విచ్చి మూతి నీళ్ళలో కాకుండా గాలిలో ఉన్నా ఇదే కథ. లాగ్ ఫైల్ ఖాళీగా ఉందంటే ఎర్రర్ లేదని కాదుగా, లాగింగే ఆగిపోయి ఉండొచ్చు.

రుజువుకి వంటింట్లో పరీక్ష ఉంది. స్విచ్చి విప్పి, దాని మూతి మాత్రం మునిగేలా గిన్నెలో నీళ్ళలో వేలాడదీసి, మల్టీమీటర్ తగిలించి, థర్మామీటర్ పెట్టి స్టవ్ వెలిగించడమే. 92 దగ్గర మీటరు కూయాలి. స్టవ్ ఆపి చల్లారనిస్తే 87 దగ్గర ఆగాలి. మా మిత్రుడి కారుది ఎంతసేపు ఉడికించినా కూయలేదు. అక్కడితో తీర్పు.

ఇక్కడ హైదరాబాద్ వాళ్ళకి ప్రత్యేకంగా ఓ మెలిక. మన ఊరు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ గిన్నెలో నీళ్ళు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, ఎంత మంట పెట్టినా ఆపైన ఎక్కవు. మీ స్విచ్చి మీద 100 అని చెక్కి ఉంటే, బంగారంలాంటి స్విచ్చి కూడా ఈ పరీక్షలో ఫెయిల్ అవుతుంది! అలాంటప్పుడు నీళ్ళకి బదులు కూలెంట్ వాడాలి (ఆ గిన్నె మళ్ళీ వంటకి వాడకూడదు, అది విషం). కారులో ఈ ఇబ్బంది లేదు. రేడియేటర్ మూత ఓ 0.9 బార్ ఒత్తిడి పట్టి ఉంచుతుంది కాబట్టి నీళ్ళు దాదాపు 118 దాకా మరగవు. మూత రబ్బరు పోయిందంటే మాత్రం 98 కే మొదలు. మూత చవక, అందుకే ఎవరూ మార్చరు.

విప్పిన స్విచ్చి మూతికి గోధుమ రంగు పెచ్చు కట్టి ఉంది. సున్నం. మనవాళ్ళు రేడియేటర్‌లో పోసేది బోరు నీళ్ళు. బకెట్టుకీ గీజరుకీ పట్టే తెల్ల పెచ్చే ఇక్కడా పడుతుంది, స్విచ్చి మూతికి దుప్పటి కప్పినట్టు. అప్పుడు వేడి ఆలస్యంగా తెలుస్తుంది, తర్వాత తెలియడమే మానేస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోస్తే ఈ గొడవ ఉండదు.

ఇప్పుడు పేచీ. "డైరెక్ట్" అంటే స్విచ్చిని పీకి పారేసి, తాళం తిప్పగానే ఫ్యాను తిరిగేలా వైరు కలిపెయ్యడం. పాత మారుతీల్లో ఇలా నడిచేవి తక్కువేం లేవు. రోడ్డు మధ్యలో ఆగిపోయినప్పుడు ఇల్లు చేరడానికి ఇది మంచి ఉపాయమే, నేనూ ఒప్పుకుంటా. శాశ్వతంగా ఉంచడమే తప్పు. ప్రొడక్షన్‌లో చెక్ ఫెయిల్ అవుతోందని ఆ చెక్ తీసేసి ట్రూ అని హార్డ్‌కోడ్ చేసినట్టు. డిసెంబర్ పొద్దున ఇంజన్ వేడెక్కదు, పెట్రోలు తాగుతుంది, మోటారు రోజంతా తిరిగి బ్రష్షులు అరగ్గొట్టుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆ మోటారు ఓ రోజు ఆగిపోతే ఎవరికీ తెలీదు. బెల్టు తెగితే చప్పుడయ్యేది, ఇది నిశ్శబ్దంగా పోతుంది. డ్రైవరేమో "డైరెక్ట్ చేయించాంగా" అని ముల్లు చూడటం మానేసి ఉంటాడు. నిర్ణయం మనిషి దగ్గర్నుంచి స్విచ్చికి పోయింది, స్విచ్చిని పీకేశాక మళ్ళీ మనిషి దగ్గరికి రాలేదు. ఎవరి దగ్గరా లేదు.

మాటల్లో ఆయన ఇంకోటి చెప్పాడు. "వాల్వ్ కూడా ఎప్పుడో తీసేసి ఉన్నది సార్. మన ఎండలకి అదెందుకు?" ఇది మన దగ్గర దాదాపు మత విశ్వాసం. థర్మోస్టాట్ అంటే చలి దేశాల వస్తువని. కానీ సుమారు 82 దాకా నీళ్ళని ఆపి ఇంజన్‌ని త్వరగా వేడిచెయ్యడం దాని పని, బయట నలభై ఉన్నా ఇంజన్‌కి అది చలే. పైగా కొన్ని ఇంజన్లలో వాల్వ్ తెరుచుకున్నప్పుడు పక్కదారిని మూస్తుంది కూడా. తీసేస్తే కొన్ని నీళ్ళు రేడియేటర్ దాకా పోకుండా అడ్డదారిలో ఇంజన్‌లోకే తిరిగొస్తాయి. చల్లగా ఉండటానికి తీసిన వాల్వ్ వల్ల కారు ఇంకా వేడెక్కుతుంది.

ఇదంతా నేను చెప్తుంటే ఆయన విసుక్కోలేదు. "మీరు కొత్త స్విచ్ తెండి సార్, నేనెందుకు వద్దంట? దొరకదనే డైరెక్ట్ కొడ్తున్నం" అన్నాడు. అదీ నిజమే. ఆయన అరచేతిలో ఉన్న విద్య నాకు మల్టీమీటర్‌తో కూడా రాదు. పాత బండి వాడి సమస్య విద్య కాదు, విడిభాగం. మరల కొలత, రెండు అంకెలు, వైర్ల సంఖ్య, ఈ మూడూ సరిపోయే స్విచ్చి వేరే బండిది దొరికినా పనికొస్తుంది. మాకు అలాగే దొరికింది. కొత్త రాగి వాషరు వేసి బిగించాం. వాల్వ్ కూడా పెట్టించాం.

కొత్త బళ్ళలో ఈ స్విచ్చి దాదాపు పోయింది. ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చాక నీళ్ళలో ఓ సెన్సర్ కూర్చుని ఎంత వేడి ఉందో కంప్యూటర్‌కి చెప్తుంది, ఫ్యాను వెయ్యాలా వద్దా అన్నది కంప్యూటర్ చూసుకుంటుంది. బెల్టు, డ్రైవరు, ఇత్తడి బిళ్ళ, చివరికి మనలాంటివాళ్ళు రాసిన కోడు. 800 కూడా 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 వచ్చినప్పుడు హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో అమ్మకం ఆగిపోయింది, 2014 జనవరిలో తయారీయే ఆగింది. అదే ఏడాది మే నెలలో అంబాసిడర్ కూడా. రెండు రకాల ఫ్యాన్లూ నాలుగు నెలల తేడాలో రిటైర్ అయ్యాయి.

2021లో కేంద్రం వింటేజ్ బళ్ళకి వేరే నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్ళు నిండి, అసలు రూపం చెడకుండా ఉంటే నంబర్ ప్లేటు మీద వీఏ అని ప్రత్యేక సిరీస్ ఇస్తారు. ఆ లెక్కన మొట్టమొదటి 800 2033 డిసెంబర్‌లో వింటేజ్ అవుతుంది. అయితే అలా రిజిస్టర్ చేయించిన బండి రోజువారీ వాడకానికీ, వ్యాపారానికీ రోడ్డెక్కకూడదు. సినిమా షూటింగుకి అద్దెకివ్వడం వ్యాపారం కిందికి వస్తుందా రాదా అని మా మిత్రుడి నాన్నగారు ఇప్పట్నించే లెక్కలేసుకుంటున్నారు. ముందు జాగ్రత్తగా ఇంకో రెండు స్విచ్చిలు కొని బీరువాలో పెట్టారట.